క్యారియర్ మీద మా ఆయన

మా ఆయనకు సైకిలు తొక్కడం రాదు. ఈ ముక్క మా వీధిలో అందరికీ తెలుసు, అందరికీ తెలుసని మా ఇద్దరికీ తెలుసు, అయినా నలభై ఏళ్ళుగా ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఇప్పుడు నేను అంటున్నాను. ఆయన డెబ్బై దాటాడు, నాకు అరవై నాలుగు. ఇంక దాచి ఎవరికి పెట్టాలి?

సైకిలు నాది. పెళ్ళికి ముందు నుంచీ నాదే. మా నాన్నకు అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది, అందుకని నడకా సైకిలూ ఇంచుమించు ఒకేసారి నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో పిల్లకు పాట వచ్చా అని అడిగితే మా నాన్న సైకిలు వచ్చునని చెప్పాడు. అబ్బాయికి వచ్చా అని మాత్రం ఎవరికీ తోచలేదు. మగవాడికి సైకిలు రాకపోవడమేమిటి, మీసం మొలిచినట్టు అదీ దానంతట అదే వస్తుందని అనుకుని ఉంటారు. పెళ్ళైన వారానికి బండారం బయటపడింది. "నాకు కండ్లు తిరుగుతాయే" అన్నాడు. వెనక కూర్చుంటే తిరగవట, తొక్కితేనే తిరుగుతాయట. అవేం కళ్ళో ఆ దేవుడికే తెలియాలి.

మా ఇల్లు లాల్‌బాగ్ వెనక సందుల్లో. ఆయనకు నగర్తపేటలో ఇత్తడి దీపాలకు మెరుగు పెట్టే చిన్న కార్ఖానాలో పని. నేను అదే పేటలో ఒక చీరల దుకాణానికి కొంగుకు కుచ్చులు కట్టి ఇచ్చేదాన్ని, ఇప్పటికీ ఇస్తున్నాను. ఇద్దరిదీ ఒకే దారి కాబట్టి నేను తొక్కేదాన్ని, ఆయన క్యారియర్ మీద చీరల మూట ఒళ్ళో పెట్టుకుని కొత్త పెళ్ళికూతురులా కూర్చునేవాడు.

మరి మగవాడి పరువో? దానికీ ఒక ఏర్పాటు ఉంది. ఇంటి ముందు నుంచి వీధి మలుపు దాకా హ్యాండిలు పట్టుకుని ఆయనే తోసుకుంటూ నడిచేవాడు. నేను రెండడుగులు వెనక, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మహా పతివ్రతలా. మలుపు తిరిగి పిండిమర గోడ చాటుకు పోగానే హ్యాండిలు నా చేతికొచ్చేది. సాయంత్రం అదే గోడ దగ్గర దిగి, హ్యాండిలు లాక్కుని, ఇంత దూరమూ తానే తొక్కి అలసిపోయినట్టు నుదురు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చేవాడు. ఆ తుడుచుకోవడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చెమట నాది, తుడుపు ఆయనది. దీని గురించి మేమిద్దరం ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు. పొద్దున ఆయన హ్యాండిలు పట్టుకునేవాడు, నేను వెనక నడిచేదాన్ని, అంతే.

పని మానేశాక కూడా సాయంత్రం నగర్తపేట పోకపోతే ఆయనకు అన్నం అరగదు. కార్ఖానా పక్క సందులో ఒక కాఫీ హోటలు ఉంది. అక్కడ ఆయన పాత జతగాడు కాచుకుని ఉంటాడు, కార్ఖానాలో పక్కపక్కన కూర్చుని దీపాలు రుద్దినాయన. ఇద్దరూ ఒక కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో సగం సగం పోయించుకుంటారు. ఈ ఊళ్ళో దాన్ని బై టూ అంటారు. ముగ్గురుంటే టూ బై త్రీ, అంటే రెండు కాఫీలు మూడు గ్లాసుల్లో. ఈ ఊరివాళ్ళకు నిండు గ్లాసు చూస్తే భయమేమో! సరే, ఆ అరగ్లాసు మీద వీళ్ళిద్దరూ గంట కూర్చుంటారు. అలాగని పెద్ద మాటలేమైనా ఉన్నాయా అంటే అవీ లేవు. మెరుగు యంత్రాల మోతకు జతగాడి చెవులు పోయాయి. ఈయన చెప్పేది ఆయనకు వినబడదు, ఆయన చెప్పేది ఈయన వినడు. గంట కాగానే "సరే అయితే" అని లేస్తారు.

నేను ఈయన్ని హోటలు ముందు దించి, చీరల దుకాణానికి పోయి, కుచ్చులు కట్టినవి అప్పగించి, కట్టాల్సినవి తీసుకుని, తిరిగొచ్చి సైకిలు గంట కొడితే బయటికొచ్చేవాడు. ఒక్కరోజు లోపలికి రమ్మన్న పాపాన పోలేదు. ఒకసారి సిగ్గు విడిచి నేనే అడిగాను. "ఆడోళ్ళు వచ్చే చోటు కాదే అది" అన్నాడు. గుమ్మంలోంచి తొంగి చూస్తే నలుగురు ఆడవాళ్ళు హాయిగా ఇడ్లీ తింటున్నారు. ఓహో, ఆడవాళ్ళు రావచ్చు గానీ పెళ్ళాలు రాకూడదేమో అనుకున్నాను.

ఇలా జరుగుతుండగా ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేశారు. చిన్నా పెద్దా లేదు, ఈ రాష్ట్రంలో ఉండే ఆడదానివని ఒక కార్డు చూపిస్తే చాలు. కానీ దాన్ని తనివితీరా వాడుకున్నది మా ఈడువాళ్ళమే. వయసులో ఉన్నవాళ్ళు ఆఫీసుకు పోతారు, ఇంటికి వస్తారు. మాకు పోవడానికి ఆఫీసు లేదు, అందుకని అన్ని చోట్లకూ పోయాం.

మొదటి రోజు నాకు బాగా గుర్తు. కండక్టరు నా ఆధార్ కార్డు చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనే నాయనా. ఫోటోలో సచ్చినట్ల ఉండా, ఈడ బతికి ఉండా. అంతే తేడా."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి, సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండకు మాడి, వానకు తడిసి, ఎదురుగాలికి ముక్కుతూ ఇన్నేళ్ళు తొక్కిన రోడ్డు, ఆ రోజు కిటికీలోంచి చల్లగా వెనక్కి పోతూ ఉంటే, ఎవరో కూర్చుని నా కాళ్ళు పిసుకుతున్నంత సుఖంగా ఉండింది. వెనక మూట లేదు, మూట పట్టుకున్న మొగుడూ లేడు. అబద్ధమెందుకు, ఆ పూట ఆయన నాకు గుర్తే రాలేదు.

ఆ తర్వాత నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఒక్క నాకే కాదు, మా వీధిలో నా ఈడువాళ్ళందరికీ. పొద్దున వంట కాగానే చేతిసంచుల్లో నీళ్ళ సీసాలు పెట్టుకుని బస్టాపులో హాజరు. ఒకసారి సర్జాపుర రోడ్డులో ఎవరిదో గృహప్రవేశానికి పోయాం. మా గుంపులో ఒకావిడకు వాళ్ళు చుట్టాలన్నారు, అక్కడికి పోయాక చూస్తే ఆవిడకూ సరిగ్గా తెలియదు. వాళ్ళకు మేమెవరో తెలియదు, మాకు వాళ్ళెవరో తెలియదు, ఓళిగలు, అదే మన బొబ్బట్లు, మాత్రం నెయ్యి కారుతూ బాగున్నాయి. కుందలహళ్ళిలో ఉండే మా కూతురికి గుప్పెడు కరివేపాకు ఇచ్చి రావడానికి రెండు బస్సులు మారి పోయేదాన్ని. పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. వాళ్ళ ఇంటి కిందే కరివేపాకు దొరుకుతుంది. అయినా ఊరికే వచ్చే బస్సు ఊరికే పోతూ ఉంటే ఇంట్లో కూర్చోవడం ఎలా చెప్పండి?

సైకిలు నడవాలో గోడకు ఆనుకుని నిలబడింది. మొదట దాని హ్యాండిలు మీద ఒక తడి తువ్వాలు పడింది. తర్వాత లంగాలు వచ్చాయి. తర్వాత ఉల్లిగడ్డల సంచి వచ్చి క్యారియర్ మీద, అచ్చంగా ఆయన కూర్చునే చోట, కూర్చుంది. గాలి పోయి టైర్లు నేలకు అంటుకున్నాయి. కొన్నాళ్ళకు దానికి చక్రాలున్నాయన్న సంగతే మరిచిపోయాం.

అందరికంటే ఎక్కువ సంబరపడింది మా కూతురు. అది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది, దానికి నేను రోడ్డు మీద సైకిలు తొక్కడమంటే గుండె దడ. "ఇంక ఆ సైకిల్ వదిలెయ్ అమ్మా, రిస్క్ ఎందుకు? బస్ ఫ్రీ కదా, హ్యాపీగా పో" అంది. అంటున్నప్పుడు దాని వెనకే, హాల్లో కిటికీ పక్కన, చక్రాల్లేని సైకిలు ఒకటి ఉంది.

"ఇదెక్కడికి పోతుందే?" అన్నాను.

"ఎక్కడికీ పోదమ్మా. క్యాలరీస్ పోతాయి. ఎక్సర్‌సైజ్ కోసం."

దాని హ్యాండిలు మీద మా అల్లుడి ప్యాంటు ఆరేసి ఉంది. వాళ్ళ సైకిలూ మా సైకిలూ ఒకే ఉద్యోగంలో ఉన్నాయని అప్పుడు అర్థమైంది. కాకపోతే వాళ్ళది కొత్తది.

ఇక మా ఆయన సంగతి. ముసలి మగవాళ్ళకు బస్సులో కొంచెం తగ్గింపు ఉంది గానీ ఫ్రీ లేదు. ఆ తగ్గింపుకు వయసు కార్డు చూపించాలి. ముందు పళ్ళు రెండు ఊడిపోయిన మనిషి, తన వయసు కండక్టరుకు చూపించనంటాడు. "వానికెందుకు నా వయసు, పిల్లనిస్తాడా?" అంటాడు. సరే, ఒకరోజు బలవంతంగా లాక్కుపోయాను. కండక్టరు నాకు సున్నా టికెట్టు ఇచ్చి ఆయన వైపు చెయ్యి చాపాడు.

"ఇద్దరమూ ఒగే ఇంటోళ్ళమప్పా" అన్నాడు ఈయన.

"ఇల్లు ఒకటే సార్. మీరు మగోళ్ళు కదా?" అన్నాడు కండక్టరు.

బస్సులో ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు. ఈయన మూతి ముడుచుకుని టికెట్టు కొని వచ్చి నా పక్కన కూలబడ్డాడు. తర్వాతి స్టాపులో పెద్ద సంచితో ఒకమ్మాయి ఎక్కింది. "తాతా, అది లేడీస్ సీటు" అంది. ఈయన లేచి కడ్డీ పట్టుకుని, మార్కెట్టు వచ్చేదాకా ఊగుతూ నన్నే కొరకొరా చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇంకెక్కడ చూస్తాను?

ఇంటికొచ్చి చెప్పులు ఒక మూలకు, సంచి ఒక మూలకు విసిరాడు.

"నా జన్మలో బస్సెక్కను! పెండ్లానికి ఫ్రీ, మొగునికి టికెట్టా? ఇదేం న్యాయమే?"

"నలభై ఏండ్లు నా సైకిలెక్కినావే, ఒక్క దినమన్నా టికెట్టు కొన్నావా?" అన్నాను.

టీవీ సౌండు పెంచాడు. ఆ రోజు పెరిగిన సౌండు మళ్ళీ తగ్గలేదు.

అంతటితో ఆయన నగర్తపేట ఆగిపోయింది. నడిచి పోదామంటే అంత దూరానికి కాళ్ళు రావు. అరగ్లాసు కాఫీకి ఆటో ఎక్కడమేమిటని ఆటో ఎక్కడు. జతగాడికి ఫోను చేద్దామంటే చెవిటాయనకు ఫోనులో ఏం చెప్తారు? అయినా సాయంత్రం నాలుగు కాగానే ఉతికిన చొక్కా వేసుకునేవాడు. తల దువ్వుకునేవాడు. గుమ్మం ముందు మెట్టు మీద కాసేపు కూర్చునేవాడు. తర్వాత లోపలికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడు. నేను చూసీ చూడనట్టు, "వచ్చే వారం ఎట్లనో ఒగట్ల పోదాంలే" అని బస్సుకు పరుగెత్తేదాన్ని. కిటికీ సీటు మహిమ అలాంటిది. ఒకసారి దాని మీద కూర్చున్నవాళ్ళకు ఇంటి సంగతులు చిన్నగా కనిపిస్తాయి.

ఊరికే వచ్చిన బస్సు ఊరికే పోలేదులెండి. నా మోకాళ్ళను తీసుకుపోయింది. కూర్చుని పోవడం, కూర్చుని రావడం, మధ్యలో ఓళిగలు తినడం. మేడ మెట్లెక్కితే ఆయాసం. జాకెట్టు చేతులు పట్టవు. నేల మీద కూర్చుని కుచ్చులు కట్టి లేవాలంటే గోడను బతిమాలుకోవాలి. మా గుంపులో అందరిదీ అదే కథ. బస్సులో ఒకరి మోకాళ్ళ నొప్పి ఒకరికి చెప్పుకుంటూ, నొప్పికి మందు ఎక్కడ దొరుకుతుందో అక్కడికీ బస్సులోనే పోయేవాళ్ళం.

అలా ఉండగా ఒకరోజు ఇంటికొస్తే మా ఆయన మోచేతికి పసుపు పూసుకుని కూర్చున్నాడు. ఏమైందంటే బాత్రూములో జారానన్నాడు. ఇంకోరోజు గడ్డం గీరుకుపోయింది. అదీ బాత్రూమేనట. మా బాత్రూములో మనిషి సరిగ్గా నిలబడడానికే చోటు లేదు, జారడానికి ఎక్కడిది? నడవాలో చూశాను. ఉల్లిగడ్డల సంచి నేల మీద ఉంది. లంగాలు తీగ మీదికి పోయాయి. టైర్లు నొక్కి చూస్తే గట్టిగా గాలి! ఈయన నా సైకిలును ఎవరికో అమ్మడానికి చూస్తున్నాడని అనుకున్నాను. అమ్మనీ, ఆ రోజు ఈ ఇంట్లో ఏం జరుగుతుందో నేనూ చూస్తాను అని పళ్ళు కొరుక్కుంటూ ఊరుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, రోడ్డు తవ్వి పెట్టారని బస్సు ఎంతకీ కదలలేదు. విసుగొచ్చి దిగి, అడ్డదారిలో కుంటుకుంటూ నడిచి, పిండిమర వెనక నుంచి వచ్చాను. గోడ చాటున ఎవరో తిడుతున్నారు.

"నిలబడవే! సరిగ్గా నిలబడవే, సచ్చినదానా!"

తిట్టేది మా ఆయన. తిట్లు తినేది నా సైకిలు. సీటు మీద కూర్చుని ఒక చెయ్యి గోడకు ఆనించాడు. ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద. పంచె ఎగ్గట్టి, కళ్ళు సగం మూసుకుని, గోడను ఒక తోపు తోశాడు. సైకిలు తన పొడవంత ముందుకు పోయింది, ఆలోచించుకుంది, మళ్ళీ గోడ మీదికే వాలింది. ఆయన గోడను కావలించుకున్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. సంచి కింద పెట్టి, అక్కడే ఒక రాయి మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆయన గోడను వదలకుండానే తల తిప్పి చూశాడు.

"నవ్వు, నవ్వు. బాగా నవ్వు."

"ఏం చేస్తాండావయ్యా ఈ వయసులో?"

"కనపడలే? నేర్చుకుంటాండా."

"ఇప్పుడెందుకు నీకు? కండ్లు తిరగవా?"

"తిరుగుతాండాయి." గోడ సున్నం అంటిన చెంప తుడుచుకున్నాడు. "నీకు ఊరంతా ఫ్రీ. నాకు ఊరంతా ఎందుకే? ఆ హోటలు దాకా పోతే చాలు. వాడు చెవిటోడు. నేను ఉండానో సచ్చినానో వానికి ఎవరు చెప్తారు?"

ఏడుపొచ్చింది, ఆ వెంటే ఒళ్ళు మండేంత కోపమూ వచ్చింది.

"మరి నన్ను అడగొచ్చు కదయ్యా! నోరు లేదా?"

"అడగాల్నా?" అన్నాడు. "ఇన్నేండ్లూ అడిగి కూచున్నానా?"

"మూసుకొని ఇంటికి నడు. రేపు నేను తీసకపోతా" అన్నాను. అలవాటు ప్రకారం ఆయన హ్యాండిలు పట్టుకుని ముందు నడిచాడు. నేను వెనక కుంటుతూ నడిచాను.

అనడం అన్నాను గానీ, మర్నాడు పొద్దున్నే అదే గోడ చాటున సైకిలు ఎక్కబోతే నా కాలు లేవలేదు. ఆడవాళ్ళ సైకిలే, అడ్డకడ్డీ లేనిదే, అయినా మోకాలు వంగనంది. పెడలు మీద కాలు పెడితే సీటు అందదు, సీటు అందితే కాలు జారుతుంది. మా ఆయన గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఆధార్ కార్డు చూపించి చూడే. ఎక్కనిస్తుందేమో" అన్నాడు.

సైకిలు ఆయన మీదికి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎక్కాను. రోజూ తెల్లవారగానే ఇద్దరం గోడ చాటుకు చేరేవాళ్ళం. నేను తూలుతూ తొక్కేదాన్ని, ఆయన వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తేవాడు. కాసేపు నేను ఆయాసపడి ఆగేదాన్ని, కాసేపు ఆయన. బస్టాపులో మా గుంపు నా కోసం రెండు మూడు రోజులు చూసి, ఏదో జబ్బు చేసిందని ఇంటికి పలకరించడానికొచ్చారు. జబ్బేమీ లేదంటే నమ్మలేదు. ఫ్రీగా పిలిస్తే రాని మనిషికి జబ్బు కాక ఇంకేం ఉంటుంది?

కొన్నాళ్ళకు ఒంటరిగా తొక్కడం పట్టుబడింది. ఆయన్ని ఎక్కించుకుంటేనే చిక్కు. వెనక బరువుతో సైకిలు కదలాలంటే నేను ఒక కాలు కొంచెం ఎత్తు మీద ఆనించి తోసుకోవాలి. గోడ దగ్గర అలాంటి ఎత్తేదీ లేదు. నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ ఇద్దరం పిండిమర వాకిట్లో పడ్డాం. నా కాలికి సరిపోయే మెట్టు ఒక్కటే ఉంది. అది మా గుమ్మం ముందరి మెట్టు. నట్టనడి వీధి.

ఆ సాయంత్రం నాలుగింటికి సైకిలు తుడిచి మెట్టు పక్కన నిలబెట్టాను. చొక్కా వేసుకుని బయటికొచ్చిన మా ఆయన మామూలుగా హ్యాండిలు పట్టుకోబోయాడు. నేను వదల్లేదు.

"ఈడనే ఎక్కాల."

ఆయన వీధి చూశాడు. మా బస్సు గుంపు మొత్తం గుమ్మాల్లో కూర్చుని ఉంది. ఒకరు బియ్యంలో రాళ్ళేరుతున్నారు, ఒకరు మనవరాలికి జడ వేస్తున్నారు. చేతులు ఆగాయి, కళ్ళన్నీ మా మీదే.

"మలుపు దాకా తోసుకొని పోదామే" అన్నాడు మెల్లగా.

"ఆడ నా కాలు లేయదు. తెల్సు కదా నీకు."

"అయితే రేపు చూద్దాం."

"రేపు నా మోకాలు చిన్నదయితాదా? వస్తే ఇప్పుడు రా. లేకుంటే ఆ గోడను కావలించుకొని తొక్కుకో."

ఆయన లోపలికి పోయాడు. అయిపోయింది, టీవీ మోగుతుంది అనుకున్నాను. ఆయన రాకపోతే ఇంకెప్పటికీ రాడని నాకు తెలుసు. ఆ హోటలు బల్ల, ఆ చెవిటాయన, ఆ అరగ్లాసు, అన్నీ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

టీవీ మోగలేదు. ఆయన పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, తడి చేత్తో తల దువ్వుకుని బయటికొచ్చాడు. నా చేతిలో చీరల మూట తీసుకున్నాడు. వీధి మొత్తం చూస్తుండగా క్యారియర్ మీద కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోనీ" అన్నాడు.

ఎదురింటి ముసలావిడ ఉండబట్టలేకపోయింది. "ఏమప్పా, ఇన్నేండ్లూ ఆ మలుపు దాకా ఎందుకు తోసినావు? మేమంతా చూస్తానే ఉంటిమి కదా!"

"మీరు చూస్తాండారనే తోసినా" అన్నాడు మా ఆయన.

వీధంతా గొల్లుమంది. నా వెనక ఆయన కూడా కిసుక్కుమన్నాడు, సైకిలు ఊగింది. నేను మెట్టును తన్ని తోశాను.

దారి పొడుగునా నాకు ప్రాణాలు పోయాయనుకోండి. ఎత్తు వచ్చిన చోట దిగి తోయమన్నాను, దిగి తోశాడు. ఒకచోట మా బస్సు మమ్మల్ని దాటిపోయింది. నా కిటికీ సీటు ఖాళీగా ఉంది, అది చూసి నా కడుపు మండింది. ఆయనా చూశాడు.

"కావాలంటే ఎక్కు పో. నేను సైకిలు తోసుకొనొస్తా."

"మూట సరిగ్గా పట్టుకో" అన్నాను.

హోటలు ముందు దించేసరికి నా జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఎప్పటిలాగే సైకిలు దుకాణం వైపు తిప్పాను. ఆయన లోపలికి పోలేదు, గుమ్మంలో నిలబడిపోయాడు. ఏమిటా అని నేనూ చూశాను. మూల బల్ల దగ్గర చెవిటాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందర రెండు అరగ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ. రెండోది ఎదురు కుర్చీ ముందు, మీగడ కట్టి ఉంది.

గ్లాసులు తీసుకుపోతున్న మనిషి మా ఆయన్ని గుర్తుపట్టాడు. "ఏం తాతా, ఎన్ని దినాలయ్యె! ఆయన దినామూ బై టూనే చెప్తాడు. ఒకటే తెస్తామంటే అరుస్తాడు. లేసి పోయేటప్పుడు ఆ రెండోది గూడా చల్లగా ఆయనే తాగిపోతాడు."

మా ఆయన పోయి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చెవిటాయన తలెత్తి చూశాడు. ఆశ్చర్యం లేదు, పలకరింపు లేదు. మీగడ కట్టిన గ్లాసును ముందుకు జరిపాడు.

"ఆలస్యమయ్యె ఈ పొద్దు" అన్నాడు.

"బస్సు దొరకలే" అన్నాడు మా ఆయన. మగవాడి పరువు! వినబడనివాడి దగ్గర కూడా అబద్ధమే. నేను పైకే ఛీ అని, పెడలు మీద కాలు పెట్టాను.

"ఇది తీసెయ్ అప్పా. టూ బై త్రీ తే" అని మా ఆయన గొంతు వినబడింది.

"మూడోది ఎవరికి తాతా?"

మా ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. చెవిటాయనకు వినబడాలని గొంతు చించుకుని చెప్పాడు.

"ఆమెకు! తొక్కింది ఆమె!"

హోటలంతా తిరిగి నన్ను చూసింది. చెవిటాయన తల ఊపి, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.